గ్రాము దుమ్ము, ముప్పై అయిదు ఫ్లాట్లు

మా వెనక వీధిలో 200 గజాల స్థలంలో నాలుగంతస్తుల ఇల్లు లేస్తోంది. మొన్న వంటింటి గట్టుకు గ్రానైటు కోస్తుంటే అటుగా వెళ్లాను. ముఖానికి తువ్వాలు చుట్టుకున్న కుర్రాడు గేటు ముందు గొంతుక్కూర్చుని చేతి కట్టర్‌తో పలక కోస్తున్నాడు. తెల్లటి పొడి పొగలా లేచి వీధికి అడ్డంగా సాగుతోంది. అతని కనురెప్పలు, చెవులు, మోచేతి వెంట్రుకలు అన్నీ సున్నం చల్లినట్టున్నాయి. పక్కనే రెండు లీటర్ల నీళ్ల సీసా, దాని మూతకు మేకుతో పొడిచిన చిల్లు. బ్లేడు మీద నీళ్లు పోస్తూ కోయడం ఎలాగో అతనికి తెలుసన్న మాట.

“నీళ్లు పోస్తూ కోయొచ్చు కదా తమ్ముడూ” అన్నాను.

మిషన్ ఆపాడు. “లోపల రంగులు అయిపోయినయ్ సార్. బురద గోడలకు కొడ్తదని ఓనర్ సార్ వద్దన్నడు. నీళ్లు పోసెటందుకు ఇంకొకడు గూడ కావాలె గదా.”

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. బ్లేడు కోసే చీలిక వెడల్పు సుమారు 2 మిల్లీమీటర్లు, పలక మందం 18. మీటరు పొడవు కోస్తే 36 ఘనపు సెంటీమీటర్ల రాయి పొడి అవుతుంది. గ్రానైటు సాంద్రత 2.7 కాబట్టి దాని బరువు 97 గ్రాములు, అంటే దాదాపు వంద. అందులో చాలా మటుకు బరకగా ఉండి అక్కడే పడిపోతుంది. నూటికి ఒక వంతు మాత్రమే సన్నని ధూళిగా గాలిలో నిలిచిందనుకుందాం. అది ఒక గ్రాము.

ఒక గ్రాము ఎంత? 10 మైక్రాన్ల లోపు ధూళి రోజు సగటున ఘనపు మీటరు గాలిలో 100 మైక్రోగ్రాములు దాటకూడదని 2009 నుంచి మన జాతీయ ప్రమాణం. గ్రాముకు పది లక్షల మైక్రోగ్రాములు. అంటే ఆ ఒక్క గ్రాము పది వేల ఘనపు మీటర్ల స్వచ్ఛమైన గాలిని పరిమితి అంచుకు తెస్తుంది. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటులో, పదడుగుల ఎత్తుకు పట్టే గాలి 283 ఘనపు మీటర్లు. ఒక మీటరు కోత 35 ఫ్లాట్ల గాలికి సమానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో రోజు సగటుకు పెట్టిన 45 మైక్రోగ్రాముల హద్దుతో చూస్తే 78 ఫ్లాట్లు. ఆ ఇంట్లో వంటింటి గట్లకు, మెట్లకు, కిటికీ అంచులకు కలిపి ఎన్ని మీటర్లు కోసి ఉంటారో ఇల్లు కట్టించిన ప్రతివారికీ తెలుసు.

వీధిలో గాలి కదులుతుంది, ధూళి పలచబడుతుంది, నిజమే. కానీ కోసే కుర్రాడి ముక్కు బ్లేడుకు రెండడుగుల దూరంలో ఉంది. అతని దగ్గర పలచబడే వ్యవధి లేదు. పైగా హైదరాబాద్ గ్రానైటులో సుమారు మూడో వంతు క్వార్ట్జ్, అంటే స్ఫటిక సిలికా. ఊపిరితిత్తుల లోతుకు దిగే ఈ పొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. సిలికోసిస్ వస్తే నయం చేసే మందు లేదు. వంటింటి గట్లకు ఇప్పుడు జోరుగా అమ్ముడవుతున్న కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో సిలికా 90 శాతం దాకా ఉంటుంది. కోసే కార్మికుల ఊపిరితిత్తులు పాడవడం చూసి ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వాటిని దేశమంతటా నిషేధించింది. మన దగ్గర అవే పలకలను అపార్ట్‌మెంటు మెట్ల కింద కూర్చోబెట్టి పొడిగా కోయిస్తున్నాం.

కంటికి కనిపించే దుమ్ము కన్నా కనిపించనిది ఎందుకు ఎక్కువ ప్రమాదమో చెప్పడానికి ఇంకో లెక్క ఉంది. ఒక అంతస్తు ఎత్తు, మూడు మీటర్ల నుంచి రాతి రేణువులు వదిలామనుకోండి. కదలని గాలిలో 100 మైక్రాన్ల రేణువు ఆరు సెకన్లలో నేలకు వస్తుంది. 10 మైక్రాన్లది ఆరు నిమిషాలు తీసుకుంటుంది. 2.5 మైక్రాన్లదైతే గంటా నలభై నిమిషాలు. సెకనుకు రెండు మీటర్ల చిరుగాలి వీస్తే మొదటిది 12 మీటర్లలో, అంటే ఎదురింటి గోడ దగ్గరే పడిపోతుంది. రెండోది ముప్పావు కిలోమీటరు పోతుంది. మూడోది 12 కిలోమీటర్లు. మనం చీపురుతో ఊడ్చేది మొదటి రకాన్ని. మిగతా రెండూ అప్పటికే వీధి దాటి ఉంటాయి. అందుకే దుమ్ము మీద నా అభిప్రాయం ఒక్కటే: పుట్టే చోట పట్టుకోవాలి. ఎగిరాక పట్టుకోవడానికి పెట్టే ఖర్చులో ఎక్కువ భాగం వృథా.

ఆ ఖర్చు దేశం ఇప్పటికే పెడుతోంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో సుమారు 130 నగరాలున్నాయి. మన హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి, అటు విజయవాడ, విశాఖ, గుంటూరు, కర్నూలు, నెల్లూరు వాటిలో ఉన్నాయి. ఆ కార్యక్రమం కింద ఖర్చయిన డబ్బులో 64 శాతం రోడ్డు దుమ్ముకే పోయిందని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కేంద్రం 2024లో లెక్క తేల్చింది. ఊడ్చే యంత్రాలు, నీళ్లు చల్లే ట్యాంకర్లు ఆ పద్దులోవే. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు మీద చల్లిన నీళ్లు ఎంతసేపు ఉంటాయో మనకు తెలుసు. ఆ రోడ్డు మీదికి దుమ్ము తెచ్చేది టిప్పర్ల చక్రాలు, గేటు బయట పోసిన ఇసుక కుప్పలు. అక్కడ ఆపకుండా ఇక్కడ ఊడ్చడం కారే కుండలో నీళ్లు పోయడమే.

ఇసుక అన్నాను కదా, దాని సంగతీ చెప్పాలి. ఏటి ఇసుక స్థానంలో ఇప్పుడు రోబో ఇసుక వాడుతున్నాం. భారత ప్రమాణం ఐఎస్ 383 ప్రకారం ఏటి ఇసుకలో 75 మైక్రాన్ల కన్నా సన్నని పొడి 3 శాతం మించకూడదు. రాయి పగలగొట్టి చేసిన ఇసుకలో 15 శాతం దాకా ఉండవచ్చు. పది టన్నుల లోడులో, నాణ్యత పరీక్ష నెగ్గిన సరుకులోనే, టన్నున్నర దాకా పొడి ఉండే వీలుంది. దాన్ని గేటు ముందు కుప్పపోసి పరదా కప్పకుండా వదిలేస్తే ప్రతి బండి చక్రం కొంత మోసుకుపోతుంది. ఏటి ఇసుక రోజుల అలవాటుతోనే మేస్త్రీలు దీన్నీ ఆరుబయట పోస్తున్నారు. సరుకు మారింది, అలవాటు మారలేదు.

ఇక మొత్తం పనిలో లేచే ధూళి సంగతి. అమెరికా పర్యావరణ సంస్థ అపార్ట్‌మెంట్లు, దుకాణ సముదాయాలు కడుతున్న చోట్ల కొలిచి ఒక స్థూల అంచనా ఇచ్చింది: వానలు తక్కువుండే నేలల్లో, మధ్యస్థంగా పని నడిచే చోట హెక్టారుకు నెలకు 2.69 టన్నుల ధూళి లేస్తుంది. ఎకరాకు ఇది సుమారు 1,090 కిలోలు. 200 గజాల స్థలానికి భాగిస్తే నెలకు 45 కిలోలు, అంటే ఇంచుమించు ఒక సిమెంటు బస్తా. ఒక సిమెంటు బస్తాను మేడ మీది నుంచి వీధిలోకి కుమ్మరిస్తే ఎవరూ ఊరుకోరు. అదే కొంచెం కొంచెంగా నెలంతా ఎగిరితే భరిస్తాం. మన మట్టి, మన పని తీరు వేరు కాబట్టి అంకె అటూ ఇటూ కావచ్చు. స్థాయి మాత్రం ఇదే.

ఇక ప్లాస్టిక్. అయిదు మిల్లీమీటర్ల లోపు ప్లాస్టిక్ ముక్క ఏదైనా మైక్రోప్లాస్టిక్కే. సముద్రం, సీసా నీళ్లు, బట్టలు అనగానే మనకు ఇది గుర్తొస్తుంది గానీ ఇల్లు కట్టే చోటు గుర్తుకు రాదు. అక్కడ చూసినంత దగ్గరగా నేనింకెక్కడా చూడలేదు. తొలకరి పడిన మర్నాడు అదే ఇంటి ముందు మురుగు కాలవ జాలీకి తెల్లగా ఏదో అడ్డుపడి నీళ్లు నిలిచిపోయాయి. వడగళ్లేమో అనుకున్నాను. వంగి చూస్తే థర్మోకోల్ పూసలు. పిల్లర్ల మధ్య సందుల్లో పెట్టగా మిగిలిన అట్టలు, కమోడ్లు, టైల్స్ వచ్చిన పెట్టెల్లోని అట్టలు ఎండకు పొడిపొడిగా రాలి వానకు కొట్టుకొచ్చాయి. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, అంగుళం మందం ఉన్న థర్మోకోల్ అట్టలో, ఒక్కో పూస నాలుగు మిల్లీమీటర్లనుకుంటే, మూడున్నర లక్షలకు పైగా పూసలుంటాయి. మిగతా ప్లాస్టిక్ అరిగి చిరిగి మైక్రోప్లాస్టిక్ కావడానికి సమయం పడుతుంది. థర్మోకోల్‌ది పుట్టుకతోనే ఆ కొలత. పండుగ అలంకరణకు వాడే థర్మోకోల్‌ను 2022 జులై 1న దేశమంతటా నిషేధించారు. ఇంటి పనిలో వాడేది ఆ జాబితాలో లేదు.

పైపులు చూడండి. నాలుగంగుళాల పీవీసీ పైపును, గోడ మందం మూడు మిల్లీమీటర్లది, హాక్సా బ్లేడుతో ఒకసారి కోస్తే ఒక ఘనపు సెంటీమీటరు పొడి రాలుతుంది. బరువు గ్రామున్నర లోపే. కానీ అర మిల్లీమీటరు ముక్కలుగా రాలిందనుకుంటే అవి ఎనిమిది వేలు. అదే పైపును తొందరలో గ్రైండర్‌తో కోస్తే చీలిక రెట్టింపవుతుంది, పొడి మరింత సన్నమవుతుంది, పైగా గాలిలో లేస్తుంది. బాత్రూము లోపలి సన్న పైపులకైతే కత్తెరలా నొక్కి తెంపే కట్టర్లు దొరుకుతాయి. వాటితో పొడి దాదాపుగా రాలదు. ప్లంబర్ల సంచీల్లో అవి ఉంటాయి కూడా. మీరు అడిగితే బయటికి తీస్తారు.

సిమెంటు సంచుల లెక్క సులువు. చదరపు అడుగుకు 0.4 బస్తా అని మేస్త్రీలు చెప్పే లెక్క ప్రకారం ఆరు వేల చదరపు అడుగుల ఇంటికి 2,400 బస్తాలు. ఖాళీ సంచి 75 గ్రాములనుకుంటే 180 కిలోల పాలీప్రొపిలీన్. వీటిని ఇసుక నింపడానికి, పిల్లర్లకు చుట్టి నీళ్లు కొట్టడానికి, కూలీల గుడిసెల మీద కప్పడానికి వాడతారు. కొన్ని నెలల ఎండకు అవి నార నారగా ఊడిపోతాయి. పిల్లర్లకు గోనె పట్టాలు చుట్టే పాత పద్ధతే మేలు. గోనె నీళ్లు ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, ఊడినా మట్టిలో కలుస్తుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆకుపచ్చ వల. దుమ్ము ఆపడానికి కట్టేది అదే. అయిదంతస్తుల ఇంటి చుట్టూ, ఎత్తు 15 మీటర్లు, చుట్టుకొలత 50 మీటర్లు అనుకుంటే 750 చదరపు మీటర్ల వల కావాలి. చదరపు మీటరుకు 75 గ్రాములైనా 56 కిలోల పాలిథిన్. మొదటి ఏడాది పరవాలేదు. ఇల్లు పూర్తి కావడానికి రెండేళ్లు పడుతుంది, వల మాత్రం మార్చరు. పోయిన నెల మా వీధిలో పరంజాకు వేలాడుతున్న ఒక వల అంచును వేళ్ల మధ్య నలిపి చూశాను. ఎండిన ఆకులా పొడి అయి ఆకుపచ్చ రజను చేతికంటుకుంది. ఆ వల ఇక దుమ్మును ఆపడం లేదు, ప్లాస్టిక్ దుమ్మును తయారు చేస్తోంది. వల వద్దని నేననను. కొత్తది కట్టాలి, నలిపితే పోగు తెగిన రోజున మార్చాలి, దించిన దాన్ని చుట్టి పాత సామాను వాళ్లకు ఇవ్వాలి.

రంగుల సంగతి చాలామందికి కొత్తగా ఉంటుంది. గోడల రంగులు సహా అన్ని రకాల రంగులూ కలిపి చూస్తే సగటున 37 శాతం ప్లాస్టిక్ పాలిమర్. ఎన్విరాన్‌మెంటల్ యాక్షన్ అనే సంస్థ 2021లో వేసిన అంచనా ప్రకారం రంగుల నుంచి ఏటా 19 లక్షల టన్నుల ప్లాస్టిక్ ప్రపంచంలోని నదులు, సముద్రాల్లోకి చేరుతోంది, అందులో పెద్ద వాటా భవనాల రంగులదే. పాత రంగు గీకే రోజున కింద పట్టా పరచి రాలిన పెచ్చులను సంచిలో కట్టడం, లప్పం ఎమరీ కాగితంతో రుద్దేటప్పుడు దుమ్ము పీల్చే గొట్టం ఉన్న యంత్రం వాడడం, బ్రష్షులు కుళాయి కింద కాకుండా బకెట్లో కడిగి అడుగున దిగిన ముద్దను చెత్తలో వేయడం, ఇవన్నీ మొదటి రోజే పెయింటర్‌తో మాట్లాడుకోవాల్సినవి. లేదంటే ఆ నీళ్లు వీధి కాలవలోంచి నాలాలోకి, నాలాలోంచి మూసీలోకి, వాడపల్లి దగ్గర కృష్ణలోకి వెళతాయి. ఇలా చుట్టూ చేరే ప్లాస్టిక్ మన ఒంట్లోకీ వస్తోంది: 2022లో నెదర్లాండ్స్ పరిశోధకులు 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ రేణువులు కనిపించాయి.

మరి చట్టం ఏం చేస్తోంది? చట్టం ఉంది, చాలా మటుకు పెద్ద భవనాల కోసం ఉంది. పర్యావరణ అనుమతి 20,000 చదరపు మీటర్ల నిర్మాణం దాటితేనే కావాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కావాలని నోటిఫై చేసిన కొత్త నిర్మాణ వ్యర్థాల నిబంధనల్లో బిల్డరు తన వ్యర్థాల రీసైక్లింగుకు బాధ్యత వహించాలన్న షరతుకూ హద్దు అదే 20,000. అడుగుల్లో అది 2,15,000. మా వెనక వీధి ఇల్లు ఆరు వేల అడుగులు. అలాంటివి 36 ఇళ్లు కలిస్తే గానీ ఒక్క “పెద్ద భవనం” కాదు. మా కాలనీలో రెండేళ్లలో అంతకన్నా ఎక్కువే లేచాయి. పాత డాబా పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టే చోట్ల కూల్చివేత ఒక్కటే చదరపు మీటరుకు 300 నుంచి 500 కిలోల శిథిలాలు మిగులుస్తుంది. 1,500 అడుగుల పాత ఇల్లంటే 42 నుంచి 70 టన్నులు. జీడిమెట్లలో, ఫతుల్లగూడలో రోజుకు 500 టన్నుల చొప్పున శిథిలాలను ఇసుకగా, కంకరగా మార్చే కేంద్రాలున్నాయి. అయినా రాత్రిపూట చెరువు గట్టు మీద టిప్పరు ఎత్తి పోసేవాళ్లు ఉన్నారు.

అయితే ఒక నిబంధన చిన్న ఇంటికీ వర్తిస్తుంది, దాన్ని ఎవరూ గుర్తు చేయరు. 2018 జనవరిలో పర్యావరణ పరిరక్షణ నియమాలకు చేసిన సవరణ, ధూళి పరిమితి దాటిన నగరాల్లో ప్రతి నిర్మాణానికీ, విస్తీర్ణంతో సంబంధం లేకుండా, కొన్ని పనులు నిషేధించింది. ఆరుబయట రాళ్లు, టైల్స్ కోయడం, రుద్దడం నిషేధం. రోడ్డు పక్క ఇసుక, కంకర, శిథిలాలు పోయడం నిషేధం. పరదా కప్పని బండిలో తరలించడం నిషేధం. మొన్న ఆ గేటు ముందు ఆ కుర్రాడి చేత చేయించిన పని చట్టవిరుద్ధం. తప్పు అతనిది కాదు, చేయించినవాళ్లది.

ఇప్పుడు నీళ్ల సీసా దగ్గరికి వద్దాం. చేతి కట్టర్లకు బ్లేడు మీద నిమిషానికి కనీసం అర లీటరు నీరు పడాలని బ్రిటన్ కార్మిక భద్రతా సంస్థ చెబుతుంది. అంత నీరు పడితే ఊపిరితో లోపలికి పోయే ధూళి పదింట తొమ్మిది వంతులు తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది. మీటరు కోతకు మూడు నిమిషాలనుకుంటే 20 మీటర్లకు 30 లీటర్లు, రెండు బకెట్ల నీళ్లు. ఒక స్లాబు తడపడానికి వాడే నీళ్లలో ఇది ఏ మూలకూ రాదు. గొట్టం బిగించడానికి వీలున్న కట్టర్లు దొరుకుతాయి, అప్పుడు నీళ్లు పోయడానికి రెండో మనిషి అక్కర్లేదు. కరెంటు మిషన్, నీళ్లు కలిస్తే షాక్ భయం నిజమైనదే. అందుకే ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ దగ్గర తెగే రక్షణ స్విచ్, ఆర్‌సీసీబీ, ఉండాలి. ఇంటికి ఎలాగూ పెట్టించేదే, దాన్ని పని మొదట్లోనే పెట్టించండి. బురద గోడలకు కొడుతుందన్న ఓనరు బాధకు మందు, రంగుల కన్నా ముందే కోత పనులు ముగించడం, కోత కోసం స్థలంలో ఒక మూల మూడు వైపులా పట్టా కట్టడం. కోత బురదను కాలవలోకి కడగకూడదు, అలాగే వదిలేయనూ కూడదు. ఆరితే అదే మళ్లీ దుమ్మవుతుంది. తడిగా ఉండగానే గోనెలోకి ఎత్తించాలి. కోసే మనిషికి తువ్వాలు చాలదు, ముఖానికి బిగుతుగా అంటుకునే ఎన్95 మాస్కు మీరే కొని ఇవ్వాలి, నీళ్లు పోస్తున్నా సరే.

ఇల్లు కట్టించబోయే వాళ్లకు ఒక మనవి. మేస్త్రీతో, గ్రానైటు కాంట్రాక్టరుతో కాగితం రాసుకునేటప్పుడు రేటు కింద ఒక వాక్యం రాయించండి: “కోత అంతా నీళ్లతో, స్థలం లోపల, నీళ్లు పోసే మనిషి కూలి ఓనరే ఇవ్వాలి.” ఆ కూలి మీరు ఇస్తానంటే మేస్త్రీ కాదనడు. పైపులు కోసే రోజున కింద పాత చీర పరిపించండి, థర్మోకోల్ వచ్చిన రోజునే సంచిలో కట్టించి మూతి బిగించండి. పక్కింట్లో కడుతుంటే గొడవకు దిగకండి, 2018 నిబంధన సంగతి ఓనరుకు నెమ్మదిగా చెప్పండి. వినకపోతే కాలుష్య నియంత్రణ మండలికి ఫొటోతో రాయండి.

నిన్న మళ్లీ అటు వెళ్లాను. మెట్ల పలకలు ఇంకా కోయాల్సినవి ఉన్నాయి. ఓనరుగారితో మాట్లాడాను. నీళ్ల గొట్టం పెట్టిస్తానన్నారు. సోమవారం కోత మొదలవుతుంది, ఆ రోజు పొద్దున్నే అక్కడికి వెళ్లి చూస్తాను.